పనామా కాలువ ఓడ ప్రయాణం: ఏ గది తీసుకోవాలి, ఎక్కడ నిలబడి చూడాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

హనుమకొండ, కాజీపేటల్లో ఇప్పుడు ఏ గల్లీలో చూసినా ఇద్దరు ముగ్గురి పిల్లలు అమెరికాలో ఉన్నారు. ఆరు నెలలకని వెళ్లిన అమ్మానాన్నలకు నయాగరా చూపించడం అయిపోయింది, ఇప్పుడు క్రూజ్‌ల వంతు వచ్చింది. నేను ఇరిగేషన్‌లో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరైనవాణ్ని. షట్టర్లు, తూములు చూస్తూ బతికిన మనిషినని మా అబ్బాయి ఫ్లోరిడా నుంచి పనామా కాలువ మీదుగా కాలిఫోర్నియా వెళ్లే ఓడలో మా ఇద్దరికీ టికెట్లు తీశాడు. తిరిగొచ్చిన దగ్గర్నుంచి భద్రకాళి బండ్ మీద వాకింగ్‌లో, పెళ్లి భోజనాల దగ్గర, వాట్సాప్‌లో అవే ప్రశ్నలు. చెప్పి చెప్పి నోరు నొచ్చి చివరికి రాసి పెట్టాను. మొదటి నుంచి చదవనక్కర్లేదు, మీ అనుమానం ఎక్కడుందో నేరుగా అక్కడికే వెళ్లండి.

## బుక్ చేసుకునే ముందు

కాలువ అంటే మన కాకతీయ కాలువ లాంటిదేనా? దాంట్లో రోజంతా కూర్చొని చూసేదేముంది?

మన కాలువలో నీళ్లు పల్లానికి పోతాయి, అంతే. పనామా కాలువ 80 కిలోమీటర్లు, అందులో పెద్ద భాగం గాటున్ అనే చెరువు. ఛాగ్రెస్ నదికి అడ్డంగా కట్ట పోసి నిలబెట్టిన నీళ్లవి. ఆ చెరువు సముద్రం కంటే 26 మీటర్ల ఎత్తున ఉంది. ఓడను ఒక వైపు మెట్లు మెట్లుగా ఎక్కించి, చెరువు దాటించి, అవతలి వైపు మళ్లీ మెట్లు దింపుతారు. ఆ మెట్లే లాకులు.

మన కాళేశ్వరంలో మోటార్లు పెట్టి నీళ్లను పైకి ఎత్తిపోస్తాం. అక్కడ లాకు నింపడానికి పంపు లేదు. పై నీళ్లు తూముల గుండా కింది తొట్టిలోకి దిగుతాయి, ఆ నీళ్లే ఓడను లేపుతాయి. పది నిమిషాలు కూడా పట్టదు, అంత పెద్ద ఓడ దాదాపు మూడంతస్తులు పైకి లేస్తుంది. చేతిలో చాయ్ కప్పు తొణకదు. ఈ పని 1914 ఆగస్టు 15 నుంచి నడుస్తోంది. తేదీ మనకు గుర్తుండేదే.

ఫుల్ ట్రాన్సిట్, పార్షియల్ ట్రాన్సిట్ అంటున్నారు. తక్కువ రోజులది తీసుకుంటే నష్టమా?

ఫుల్ అంటే ఒక సముద్రంలో ఎక్కి ఇంకో సముద్రంలో దిగడం. రెండు వారాలు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ పడుతుంది. పార్షియల్ ఎక్కువగా ఫ్లోరిడాలో మొదలై ఫ్లోరిడాకే వచ్చే పది పదకొండు రోజుల ప్రయాణం. అందులో ఓడ అట్లాంటిక్ వైపు గాటున్ లాకులు ఎక్కి, చెరువులో తిరిగి, అవే లాకులు దిగి వెనక్కి వచ్చేస్తుంది. లాకుల సంబరం రెండిట్లోనూ ఉంది. కానీ కొండను తవ్విన కులెబ్రా కట్, పసిఫిక్ వైపు లాకులు, పనామా సిటీ పార్షియల్‌లో ఓడ మీద నుంచి కనిపించవు. చెరువులో దింపి చిన్న పడవలో ఆ వైపు తీసుకెళ్లే టూర్లు ఉంటాయి, వాటికి డబ్బు వేరే.

నన్నడిగితే ఒక్కసారే పోయేవాళ్లు ఫుల్ తీసుకోవాలి. ఒంట్లో షుగర్, బీపీ ఉండి రెండు వారాలు ఇల్లు వదిలి ఉండలేనివాళ్లకు పార్షియలే నయం.

పాత లాకులా కొత్త లాకులా అని మా కోడలు అడుగుతోంది. ఎక్కి కూర్చునేవాళ్లకు దాంతో పనేంటి?

కోడలు సరైన ప్రశ్నే అడిగింది. పాత లాకు వెడల్పు 33.5 మీటర్లు. దాంట్లో పట్టే పెద్ద ఓడ వెడల్పు 32.3 మీటర్లు. అంటే ఓడకు గోడకు మధ్య మూరెడు సందు. రెండు పక్కలా పట్టాల మీద ఇంజిన్లు నడుస్తూ, తీగలతో ఓడను గోడలకు తగలకుండా నడిమధ్యలో పట్టుకుంటాయి. వాటిని మ్యూల్స్ అంటారు, కంచర గాడిదలని అర్థం. ఓడ మాత్రం సొంత ఇంజిన్‌తోనే ముందుకు పోతుంది.

కొత్త లాకులు 2016 జూన్ 26న తెరిచారు. వెడల్పు 55 మీటర్లు, పొడవు 427 మీటర్లు. అక్కడ మ్యూల్స్ లేవు, పెద్ద ఓడలను లాగే, నెట్టే చిన్న టగ్ బోట్లు పట్టుకుంటాయి. తలుపులు కూడా రెండు రెక్కలుగా మూసుకోవు, పక్క నుంచి జరుగుతూ వస్తాయి. భారీ ఓడలు ఇటే పోవాలి. ఆ ఓడల్లో సౌకర్యాలు ఎక్కువ, కానీ గోడ దూరం. కాలువ కోసమే పోతుంటే పాత లాకుల్లో పట్టే ఓడ వెతుక్కోండి. ఓడ వెడల్పు కంపెనీ వెబ్‌సైట్‌లోనే ఉంటుంది, 32.3 దాటిందంటే కొత్త లాకులే.

ఏ నెలలో పోతే మంచిది? వానలో ఏమన్నా కనిపిస్తదా?

డిసెంబర్ మధ్య నుంచి ఏప్రిల్ దాకా అక్కడ ఎండాకాలం. మిగతా నెలల్లో వానలు, ఎక్కువగా మధ్యాహ్నాలు కురుస్తాయి. వానలో కూడా కనిపిస్తుంది, అడవి పచ్చగా ఉంటుంది, కాకపోతే రైలింగ్ దగ్గర నిలబడటం కష్టం. వేసవిలో అలాస్కా తిరిగే ఓడలు సెప్టెంబర్, అక్టోబర్‌లలో కరేబియన్ వైపు, ఏప్రిల్, మేలలో తిరిగి అలాస్కా వైపు ఈ కాలువలోంచే పోతాయి. ఎలాగూ పోవాల్సిన ఓడలు కాబట్టి ఆ రోజుల్లో టికెట్లు కొంచెం తక్కువకు దొరికే అవకాశం ఉంది.

చెరువు నిండేది వాననీటితోనే. 2023లో వానలు సరిగా పడక రోజుకు దాటే ఓడల సంఖ్యనే తగ్గించాల్సి వచ్చింది. మత్తడి పోస్తేనే కడుపు నిండే మనకు ఆ బాధ వేరే చెప్పనక్కర్లేదు.

మాది విజిటర్ వీసా. ఓడ ఎక్కి పోయినంక మళ్లీ అమెరికాలోకి రానిస్తరా?

వీసా మల్టిపుల్ ఎంట్రీ అయి ఉండాలి, ముందు అది చూసుకోండి. ఓడ దారిలో కొలంబియా, కోస్టారికా లాంటి దేశాల్లో ఆగుతుంది. భారత పాస్‌పోర్టుకు ఎక్కడెక్కడ ఏం కావాలో ఓడ కంపెనీని మెయిల్‌లో అడగండి, వాళ్ల జవాబు ప్రింట్ తీసి పెట్టుకోండి. ఫోన్‌లో చెప్పిన మాట ఓడరేవులో కౌంటర్ దగ్గర చెల్లదు.

## గది ఎంచుకునేటప్పుడు

బాల్కనీ గది లేకపోతే కాలువ చూసినట్టే కాదంటున్నరు. నిజమా?

కాదు. ఇది చాలామంది ఏజెంట్లకు నచ్చని మాట. బాల్కనీ నుంచి ఒక పక్కే కనిపిస్తుంది. లాకుల్లో అసలు చూడాల్సింది ముందు వైపు తెరుచుకునే తలుపులు, వెనక మూసుకునే తలుపులు, రెండు పక్కలా మ్యూల్స్. ఇవి చూడాలంటే గది వదిలి తిరగాల్సిందే. మేమిద్దరం ఆ రోజు మొత్తం మీద గంట సేపు కూడా గదిలో లేము.

బాల్కనీ ఎవరికి పనికొస్తుందంటే, గంటల కొద్దీ నిలబడలేనివాళ్లకు, మాటిమాటికీ బాత్రూంకు పోవాల్సినవాళ్లకు, గుంపు అంటే చిరాకు పడేవాళ్లకు. ప్రయాణంలో మిగతా పది పదిహేను రోజులు సముద్రం చూస్తూ కూర్చోవడానికి కూడా బాగుంటుంది. ఆ సుఖం కోసం తీసుకుంటే తీసుకోండి. కాలువ ఒక్క రోజు కోసమైతే కిటికీ గది చాలు. కిటికీ లేని లోపలి గది తీసుకుని, మిగిలిన డబ్బుతో ఇంకో ప్రయాణం చేసిన దంపతులు మా బల్ల దగ్గరే ఉన్నారు.

ఎడమ వైపా కుడి వైపా? ఏ వైపు గది దొరికితే అదృష్టం?

ముందు ఓడ ఎటు నుంచి ఎటు పోతోందో చూడండి. అట్లాంటిక్ నుంచి పసిఫిక్‌కు పోతుంటే నా ఓటు ఎడమ వైపుకే. కొత్త అగ్వా క్లారా లాకులు, గాంబోవా ఊరు, కులెబ్రాలో గోల్డ్ హిల్, పసిఫిక్ వైపు మిరాఫ్లోరెస్ లాకుల దగ్గర చేతులూపే జనం, చివర్లో పనామా సిటీ మేడలు, ఇవన్నీ ఎడమ పక్క వస్తాయి. కుడి పక్క గాటున్ కట్ట, బర్రో కొలరాడో దీవి, కాంట్రాక్టర్స్ హిల్, కొత్త కొకోలి లాకులు ఉంటాయి. పసిఫిక్ నుంచి వస్తుంటే ఇదంతా తారుమారు, కుడి వైపు తీసుకోండి.

ఎండ లెక్క కూడా ఉంది. కాలువ తూర్పు పడమరలుగా ఉంటుందనుకుంటాం గానీ అది వాయవ్యం నుంచి ఆగ్నేయానికి పోతుంది. పసిఫిక్ వైపు ద్వారమే తూర్పున ఉంది. మ్యాప్ చూసేదాకా నేనూ నమ్మలేదు. అట్లాంటిక్ నుంచి పోతే పొద్దున ఎడమ పక్క ఎండ, మధ్యాహ్నం దాటాక కుడి పక్క ఎండ.

పార్షియల్‌లో పోయిన దారినే తిరిగొస్తారు కాబట్టి ఏ వైపైనా ఒకటే. దీనికోసం ఎక్కువ డబ్బు పెట్టకండి.

పై అంతస్తు గది మంచిదా, కిందిదా?

లాకుల కోసమైతే కింద, చెరువు, కొండల కోసమైతే పైన. పాత లాకుల్లో కింది డెక్ గది కిటికీ ముందు మొదట తడి కాంక్రీటు గోడ ఒక్కటే కనిపిస్తుంది. నల్లగా, పాచి పట్టి, మన పాత బావి ఒర లాగా. నీళ్లు నిండే కొద్దీ ఆ గోడ కిందికి జారిపోతున్నట్టు ఉంటుంది, కాసేపటికి అంచు మీది గడ్డి, పట్టాలు, మ్యూల్ చక్రాలు కంటి ఎదురుగా వస్తాయి. ఓడ లేస్తోందని ఒళ్లు నమ్మేది అప్పుడే. పై అంతస్తుల నుంచి చూస్తే అదే పని బొమ్మలాటలా చిన్నగా కనిపిస్తుంది.

'అబ్‌స్ట్రక్టెడ్ వ్యూ' అని తక్కువకు ఇస్తున్నరు. తీసుకోవచ్చా?

చూపుకు ఏదో అడ్డం ఉన్న గది అని దానర్థం. తెలిసి తీసుకుంటే తప్పు లేదు. మేము తెలియక తీసుకున్నాం. మాకు బుక్ చేసినవాళ్లు బాల్కనీ అన్నారు, బాల్కనీయే ఇచ్చారు. మొదటి రోజు సాయంత్రం మా ఆవిడ ఉత్సాహంగా అద్దం తలుపు జరిపితే ఎదురుగా లైఫ్‌బోటు పైకప్పు, దాని మీద రెండు మడతల తాడు. ఆవిడ కాసేపు చూసి, "సముద్రం పడవ అవతల ఉన్నట్టుంది" అని తలుపు వేసేసింది. రసీదు తీసి చూస్తే ఆ రెండు ఇంగ్లీషు ముక్కలు చిన్న అక్షరాల్లో ఉన్నాయి.

కంపెనీ వెబ్‌సైట్‌లో డెక్ ప్లాన్ ఉంటుంది. మీ గది నంబర్ వెతికి, ఆ గదికి ఎదురుగా గానీ సరిగ్గా కింది డెక్‌లో గానీ లైఫ్‌బోట్లు వేలాడుతున్నాయేమో చూడండి. బోటు పైకప్పు కిటికీ కంటే కిందికి ఉంటే ఫర్వాలేదు. కొందరు ప్రయాణికులు గది నంబర్‌తో సహా ఫొటోలు, వీడియోలు పెడతారు, పది నిమిషాలు వెతికితే దొరుకుతాయి.

'గ్యారంటీ కేబిన్' అంటే ఏంది? ఏం గ్యారంటీ?

గది రకం మాత్రమే గ్యారంటీ, గది కాదు. కిటికీ గది అని డబ్బు కడతారు, ఏ డెక్, ఏ వైపు, ఏ మూల అనేది కంపెనీ ఇష్టం. అందుకే చవక. రోజంతా బయటే తిరిగే ఓపిక ఉన్నవాళ్లు తీసుకోవచ్చు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు తీసుకోకూడదు, లిఫ్ట్‌కు ఆ చివరన గది వస్తే తిండికి పోయి రావడమే వాకింగ్ అయిపోతుంది.

నాకు ఆర్టీసీ బస్సులోనే తల తిరుగుతది. ఓడలో ఎట్ల?

కాలువలో ఊగుడు ఉండదు. లక్నవరంలో బోటెక్కినట్టే. ఇబ్బంది కాలువకు ముందూ తర్వాతా వచ్చే సముద్రంలో. ఓడ మధ్య భాగంలో, కింది డెక్‌లలో గది తీసుకోండి, ఊగుడు అక్కడ తక్కువ. మాత్ర గురించి వెళ్లే ముందే మీ డాక్టర్‌ను అడగండి.

ముందు కొస గది, వెనక కొస గది ఎట్ల ఉంటాయి?

వెనక గదులకు ఎవరూ చెప్పని లాభం ఒకటి ఉంది. ఓడ లాకులోకి వచ్చాక వెనక తలుపులు మూసుకోవడం, వెనక వచ్చే ఓడ మనకంటే ఒక మెట్టు కింద ఆగి ఉండటం కుర్చీలోంచే కనిపిస్తాయి. ముందు కొస గదుల్లో చూపు బాగుంటుంది గానీ ఊగుడు ఎక్కువ, పైగా ఓడ నడిపేవాళ్లకు వెలుతురు అడ్డు రాకుండా రాత్రి కర్టెన్లు మూయమంటారు. కింది డెక్‌లలో ముందు వైపు గదైతే తెల్లవారుజామున లంగరు గొలుసు చప్పుడుకు లేచి కూర్చుంటారు.

ఏ కొస అయినా, గదికి సరిగ్గా పైన ఏముందో చూడండి. పైనా కిందా గదులే ఉంటే నిద్ర పడుతుంది. పైన వంటశాలో స్విమ్మింగ్ పూలో ఉంటే కుర్చీలు ఈడ్చే చప్పుడు తప్పదు.

## ఓడ ఎక్కాక, కాలువ రోజు రాకముందు

ముందే చూసి పెట్టుకోవాల్సిన చోట్లు ఏవి?

మొదటి రెండు రోజుల్లో ఓడంతా ఒకసారి నడవండి. నాలుగు చోట్లు గుర్తు పెట్టుకోండి. కింద ఓడ చుట్టూ తిరిగే ప్రొమెనేడ్ డెక్, పైన ముందు వైపు రైలింగ్, వెనక వైపు బఫే బయట ఉండే ఖాళీ జాగా, ఏసీ ఉండి ముందుకు అద్దాలున్న లాంజ్. కొన్ని ఓడల్లో గదుల వరండా చివర, ముందు కొసన, మామూలుగా తాళం వేసి ఉండే తలుపు ఒకటి ఉంటుంది. కాలువ రోజు దాన్ని తెరిచి ఓడ ముక్కు మీదికి రానిస్తారు. తెరుస్తారా, ఎన్ని గంటలకు అని కౌంటర్‌లో ముందు రోజే అడగండి.

పొద్దున టిఫిన్ సంగతేంటి? సకినాలు తీస్కపోవచ్చా?

ఆ పొద్దున బఫేలో నిలబడటానికి జాగా ఉండదు. ముందు రాత్రే రూమ్ సర్వీస్ కార్డు నింపి తలుపుకు తగిలించండి, పొద్దున్నే బ్రెడ్డు, పళ్లు, కాఫీ గదికే వస్తాయి. వెజిటేరియన్లయితే టికెట్ తీసుకునేటప్పుడే రాయించాలి. ఓడ ఎక్కేటప్పుడు ఇంట్లో వండినవి చాలా కంపెనీలు ఒప్పుకోవు, షాపులో సీల్ చేసిన ప్యాకెట్లకు ఇబ్బంది ఉండదు. కాబట్టి సకినాలు పిల్లల ఇంట్లోనే తిని ఎక్కండి. చీరల కోసమని ఇస్త్రీ పెట్టె కూడా పెట్టుకోకండి, తీసేసుకుంటారు.

దోమలు, మలేరియా అంటున్నరు. భయపడాల్నా?

ఒకప్పుడు భయపడాల్సిందే. 1880లలో ఫ్రెంచివాళ్లు తవ్వడం మొదలుపెట్టి మలేరియా, యెల్లో ఫీవర్లతో వేలమందిని పోగొట్టుకుని వదిలేశారు. మలేరియా దోమ ద్వారా వస్తుందని రోనాల్డ్ రాస్ పట్టుకున్నది మన సికింద్రాబాద్‌లోనే, 1897 ఆగస్టు 20న. తర్వాత అమెరికావాళ్లు 1904లో పని చేతికి తీసుకున్నాక ముందు దోమల మీద పడ్డారు, కాలువ పదేళ్లలో పూర్తయింది. ఓడ మీద నాకు దోమ ఒక్కటీ కుట్టలేదు.

అసలు చూసుకోవాల్సింది వేరే ఉంది. పనామా, కొలంబియా యెల్లో ఫీవర్ దేశాల లిస్టులో ఉన్నాయి. అక్కడి నుంచి బయల్దేరిన ఆరు రోజుల్లోపు ఇండియాలో దిగేవాళ్ల దగ్గర టీకా సర్టిఫికెట్ లేకపోతే క్వారంటైన్‌లో పెట్టొచ్చు. ఓడ దిగి వెంటనే హైదరాబాద్ విమానం ఎక్కేలా టికెట్ తీసుకోకండి, పిల్లల దగ్గర వారం పది రోజులు ఉండి రండి. అరవై దాటినవాళ్లు ఆ టీకా వేసుకోవాలో వద్దో డాక్టర్‌ను అడిగే తేల్చుకోవాలి.

## కాలువ రోజు

ఎన్ని గంటలకు లేవాలి?

ఐదింటికి. చీకటి ఉండగానే కాలువ పైలట్ చిన్న బోటులో వచ్చి ఓడ ఎక్కుతాడు. ఇక్కడ కెప్టెన్ పక్కకు తప్పుకుంటాడు, ఓడ నడపడం పూర్తిగా పైలట్ చేతికి పోతుంది. మిగతా రేవుల్లో పైలట్ సలహా మాత్రమే ఇస్తాడు. తెల్లారే వేళకు మొదటి లాకుల దగ్గర ఉంటారు. నేను ఆరుంపావుకు పై డెక్‌కు పోయేసరికి ముందు రైలింగ్ దగ్గర మూడు వరసల జనం. ఒకాయన టవల్ పరిచి జాగా పట్టాడు, పల్లె వెలుగు బస్సులో కిటికీలోంచి దస్తీ వేసినట్టు.

మొదటి లాకుల దగ్గర ఎక్కడ నిలబడాలి?

గాటున్‌లో మూడు మెట్లు వరసగా ఉంటాయి, గంటన్నర నుంచి రెండు గంటలు పడుతుంది. మూడింటినీ ఒకే చోట నిలబడి చూడకండి.

మొదటి మెట్టు ముందు వైపు నుంచి చూడండి. పాత లాకుల్లో ఒక చిన్న తెడ్ల పడవలో ఇద్దరు మనుషులు వచ్చి ఓడకు తాడు అందిస్తారు. ఇంత యంత్రాంగం ఉన్న చోట మొదటి ముడి మనిషి చేత్తోనే పడుతుంది. తర్వాత పైలట్ వైర్‌లెస్‌లో చెప్పిందానికి మ్యూల్స్ గంట కొట్టి సరే అంటాయి. ఆ గంట కోసం చెవి పెట్టండి.

రెండో మెట్టుకు కింది ప్రొమెనేడ్ డెక్‌కు దిగండి, ఈసారికి జనం ఇంకా పైనే ఉంటారు. నీళ్లు సుడులు తిరుగుతూ అడుగు నుంచి పైకి వస్తాయి, షట్టర్ ఎత్తినప్పుడు నురగ తెల్లగా దూకుతుందే, అది కాదు. తొట్టి అడుగున వరసగా రంధ్రాలున్నాయి, నీళ్లు అన్ని వైపుల నుంచి సమంగా వస్తాయి, అందుకే ఓడ కుదుపు లేకుండా లేస్తుంది. ముప్పై ఏళ్లు షట్టర్ల చప్పుడు విన్న నాకు ఆ నిశ్శబ్దమే వింత. మా ఆవిడ భుజం తట్టి పిలిచేదాకా నేను నీళ్లే చూస్తున్నాను.

మూడో మెట్టు వెనక నుంచి. రెండు మీటర్ల మందం ఉన్న ఉక్కు రెక్కలు చప్పుడు లేకుండా కలుసుకుంటాయి. వాటి వెనక, మనం వచ్చిన సముద్రం మెట్ల కింద ఉంటుంది.

గాటున్ చెరువులో గంటల తరబడి ఏం చూడాలి?

ఇక్కడ కాస్త ఒళ్లు చాపుకోవచ్చు. గదిలో బాల్కనీ ఉంటే దాన్ని వాడుకునే వేళ ఇదే. చెరువు మధ్యలో కనిపించే దీవులన్నీ ఒకప్పటి కొండల శిఖరాలు, కట్ట పోశాక మునగగా మిగిలినవి. బర్రో కొలరాడో దీవిలో అమెరికా వాళ్ల స్మిత్‌సోనియన్ సంస్థ అడవి పరిశోధన కేంద్రం ఉంది. ఒడ్డున మొసళ్లుంటాయి, బైనాక్యులర్ ఉంటే దొరుకుతాయి, లేకపోతే ప్రతి దుంగా మొసలే.

కులెబ్రా కట్ ఎప్పుడొస్తది, ఎక్కడి నుంచి చూడాలి?

మధ్యాహ్న భోజనం వేళకు వస్తుంది, అక్కడే చాలామంది మోసపోతారు. తిని వచ్చేసరికి సగం దాటిపోతుంది. పదమూడు కిలోమీటర్ల పైచిలుకు కొండను నిలువునా తవ్విన చోటు ఇది. తవ్విన కొద్దీ చరియలు విరిగి మళ్లీ పూడిపోయేది. మెట్లు మెట్లుగా చెక్కిన ఆ వాలు చూడాలంటే పై డెక్ ముందు భాగం మంచిది. రెండు గట్లు ఒకేసారి కనిపిస్తాయి, పైన సెంటెనియల్ బ్రిడ్జి కింద నుంచి పోయేటప్పుడు మెడ వెనక్కి వాల్చాల్సిందే.

పసిఫిక్ వైపు దిగేటప్పుడు చూడాల్సింది ఏంది? అప్పటికి అలిసిపోతం కదా.

పెడ్రో మిగెల్ దగ్గర ఒక మెట్టు, మిరాఫ్లోరెస్ దగ్గర రెండు మెట్లు దిగుతారు. పొద్దున ఎక్కేటప్పుడు ఒంటికి తెలిసింది, దిగేటప్పుడు అంతగా తెలియదు. అయినా మిరాఫ్లోరెస్ వదలకండి. కాలువలో అన్నిటికంటే ఎత్తైన తలుపులు అక్కడివే. పసిఫిక్ ఆటుపోట్లు ఐదారు మీటర్ల దాకా ఉంటాయి కాబట్టి అంత ఎత్తు పెట్టాల్సి వచ్చింది. ఒడ్డున చూడటానికి వచ్చినవాళ్లు మేడ మీద నుంచి చేతులూపుతారు. ఆ తర్వాత బ్రిడ్జ్ ఆఫ్ ది అమెరికాస్ కింద నుంచి సముద్రంలోకి. ఈ రెండింటికీ ఎడమ పక్క రైలింగ్ పట్టుకోండి.

మోకాళ్ల నొప్పులు. అంతసేపు నిలబడలేను, ఎట్ల?

ముందు అద్దాలున్న లాంజ్‌లో ఆరింటికల్లా కుర్చీ పట్టండి. ఏసీ, చాయ్, బాత్రూం అన్నీ పక్కనే. ఓడ స్పీకర్‌లో ఎప్పుడు ఏం వస్తోందో చెబుతుంటారు, అది ఇంగ్లీషులో ఉంటుంది, మనవడో మనవరాలో పక్కనుంటే తేలిక. లాకులో తలుపులు కదిలే ఐదు నిమిషాలకు మాత్రం లేచి నిలబడితే చాలు. వీల్‌చైర్ కావాలంటే టికెట్‌తో పాటే అడగాలి. బయటికి వస్తే టోపీకి గడ్డం కింద తాడు ఉండాలి, మా వరసలో రెండు టోపీలు గాలికి పోయి గాటున్‌లో పడ్డాయి.

ఫోన్‌ల ఫొటోలు మసక మసకగ వస్తున్నయి. ఎందుకు?

ఏసీ గదిలోంచి ఆ ఉక్కలోకి రాగానే అద్దం మీద ఆవిరి పడుతుంది. బయటికి రావడానికి అరగంట ముందే ఫోన్‌ను బాల్కనీలోనో, బాల్కనీ లేకపోతే జేబులో వెచ్చగానో పెట్టుకోండి. గుడ్డతో తుడిస్తే మళ్లీ పడుతుంది.

ఇంటి దగ్గరోళ్లు లైవ్‌ల చూడొచ్చా?

చూడొచ్చు. కాలువ వాళ్ల వెబ్‌సైట్‌లో లాకుల దగ్గరి కెమెరాలు ఎప్పుడూ నడుస్తుంటాయి, డబ్బు కట్టనక్కర్లేదు. పనామా టైము మనకంటే పదిన్నర గంటలు వెనక. అక్కడ పొద్దున ఏడు అంటే హనుమకొండలో సాయంత్రం ఐదున్నర, కాబట్టి గాటున్ కెమెరా చూడమనండి. మిరాఫ్లోరెస్ వచ్చేసరికి ఇక్కడ అర్ధరాత్రి దాటుతుంది. ఓడ పేరు, ఏ వైపు నిలబడతారు, ఏ రంగు బట్టలు అనేది ముందే చెప్పి పెట్టండి. మా తమ్ముడు పంపిన స్క్రీన్‌షాట్‌లో పసుపు చీర కట్టుకున్న మా వదిన అని గుండ్రంగా గీత గీశాడు. మా ఆవిడ ఆ రోజు కట్టుకున్నది ఆకుపచ్చ చీర.